బందరు రేవు, సిరియం కోట

ఉత్తరాంధ్రలో పాతతరం వాళ్ళు రంగూన్ ని "రంగం" అనేవారు. ఫలానా వాళ్ళబ్బాయి రంగం వెళ్ళాడంటే నాలుగు డబ్బులు సంపాదించుకోవడానికి సముద్రం దాటాడని అర్థం. మనవాళ్ళు ఇవాళ అమెరికా గురించి మాట్లాడుకున్నట్టే ఆ రోజుల్లో రంగం గురించి మాట్లాడుకునేవారు. ఇప్పుడు యాంగోన్ అంటున్న ఆ నగరం గురించి మన పత్రికల్లో అప్పుడప్పుడూ వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. అవన్నీ దాదాపు 1852 తర్వాతి కథలు. ఇంగ్లీషువాళ్ళు దిగువ బర్మాని ఆక్రమించుకోవడం, రంగూన్ రేవు పెరగడం, ధాన్యం మిల్లుల్లోకీ ఓడరేవులోకీ మన కూలీలు వెళ్ళడం.

కాని మన తీరానికీ ఆ తీరానికీ మధ్య రాకపోకలు అంతకన్నా చాలా పాతవి. అసలు రంగూన్ రేవే కొత్తది. అలౌంగ్‌పయా అనే బర్మా రాజు 1755లో దగోన్ అనే ఊరిని జయించి, శత్రువులు ఇంక లేరన్న అర్థం వచ్చేలా దానికి యాంగోన్ అని పేరు పెట్టాడు. అంతకు ముందు సుమారు నూట యాభై ఏళ్ళపాటు బందరు నుంచి బయల్దేరిన ఓడలు చేరిన పెద్ద రేవు వేరే ఉంది. అది నదికి అవతలి ఒడ్డున, యాంగోన్ కి ఆగ్నేయంగా ఉంది. పాత పుస్తకాల్లో దాని పేరు సిరియం. ఇప్పుడు తన్‌లిన్ అంటారు.

ఆ సిరియంలో ఒక కోట ఉండేది. దాన్ని కట్టినవాడు ఒక పోర్చుగీసు సాహసికుడు. తన వంశం అక్కడ రాజ్యమేలాలని కలగన్నాడు. కోట పదమూడేళ్ళకు మించి నిలవలేదు. వంశం అసలే నిలవలేదు. కాని ఆ కోటలో బందీలుగా దొరికిన మామూలు మనుషుల సంతతి మాత్రం నాలుగు వందల ఏళ్ళ తర్వాత ఇవాళ్టికీ బర్మాలో ఉంది. సముద్రాలు దాటి వచ్చి ఇళ్ళు కట్టుకున్న మనలాంటి వాళ్ళు ఈ కథ ఒకసారి తెలుసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఎర్రబట్టల బేరం

పదహారో శతాబ్దంలో దిగువ బర్మాకి రాజధాని పెగూ. ఇప్పుడు బగో అంటారు. బయిన్నౌంగ్ అనే చక్రవర్తి 1551 నుంచి 1581 దాకా అక్కడినుంచి ఏలాడు. ఆయన కాలంలో బర్మా, సయాం ప్రాంతాల్లో చాలా భాగం ఆయన చెప్పుచేతల్లో ఉండేది. 1569లో సిజారె ఫెడెరిచి అనే ఇటలీ వర్తకుడు పెగూ వచ్చాడు. తన యాత్రాగ్రంథంలో ఆయన ఆశ్చర్యపడి రాసిన విషయాల్లో ఒకటి మన కోరమండల్ తీరం నుంచి వెళ్ళే ఎర్రరంగు నూలు, బట్టలు. ఉతికినకొద్దీ ఆ ఎరుపు వెలియదు సరికదా ఇంకా నిగ్గు తేలుతుందని రాశాడు.

ఆ రంగు మరేదో కాదు, మన చిరువేరు. కృష్ణా డెల్టా ఇసుక నేలల్లో మొలిచే చిన్న మొక్క వేరుని తవ్వి తెచ్చి, దంచి, బట్టకి పట్టిస్తే వచ్చే ఎరుపు. బందరు చుట్టుపక్కలా, పాత కాగితాల్లో పేటపోలి అని కనిపించే నిజాంపట్నం దగ్గరా దొరికే చిరువేరు అన్నిటికన్నా మేలైనదని ఆనాటి వర్తకులంతా ఒప్పుకున్నారు. సెప్టెంబరు ప్రాంతంలో గాలి వాలు చూసుకుని ఓడలు తూర్పుకి బయల్దేరేవి. అటునుంచి వచ్చేటప్పుడు కెంపులు, లక్క, తగరం, బంగారం తెచ్చేవి. మర్తబాన్ రేవు నుంచి పెద్దపెద్ద మెరుగుపూత జాడీలు వచ్చేవి. హైదరాబాదు ఉర్దూలో ఊరగాయ జాడీని ఇప్పటికీ మర్తబాన్ అనే అంటారు. ఆ మాట పలికేవాళ్ళలో ఎంతమందికి అది ఒక బర్మా రేవు పేరని గుర్తుంటుంది!

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పెగూ ప్రాంతపు మోన్ ప్రజలని బర్మావాళ్ళు "తలైంగ్" అనేవారు. ఆ మాట "తెలింగాణ" నుంచే వచ్చిందని పంతొమ్మిదో శతాబ్దంలో ఆర్థర్ ఫైర్ అనే ఇంగ్లీషు అధికారి ఊహించాడు. మన వ్యాసకర్తలకి ఆ ఊహ చాలా ఇష్టం. తర్వాతి చరిత్రకారులు చాలామంది దాన్ని ఒప్పుకోలేదు, మోన్ ప్రజలకి ఆ పేరంటేనే గిట్టదు. ఆ దేశంతో మన చుట్టరికాన్ని నిరూపించుకోవడానికి అంత దూరపు ఊహలు అక్కర్లేదు. చిరువేరు చాలు.

సుంకరి కోట కట్టుకున్నాడు

1599లో పెగూ పతనమైంది. పశ్చిమాన ఉన్న అరకాన్ రాజు, ఉత్తరాన ఉన్న తౌంగూ పాలకుడు కలిసి దాన్ని దోచుకున్నారు. ఊరు పాడుబడింది. పైగా పెగూ దాకా వెళ్ళే నది పూడిపోతూ వచ్చింది. దాంతో సముద్రం మీద వచ్చే ఓడలకి సిరియం ముఖ్యమైన రేవు అయింది. అరకాన్ రాజు మిన్ రాజాజీకి ఆ రేవు మీద వచ్చే సుంకం కావాలి. దాన్ని వసూలు చేసి పెట్టే బాధ్యతని తన కొలువులో ఉన్న ఫిలిప్ డి బ్రిటో అనే పోర్చుగీసువాడికి అప్పజెప్పాడు.

డి బ్రిటో లిస్బన్ లో పుట్టాడు. కుర్రతనంలో ఓడలో చిల్లరపనులు చేసే నౌకరుగా తూర్పుకి వచ్చాడంటారు. అటువంటివాళ్ళు ఆ రోజుల్లో బంగాళాఖాతం నిండా ఉండేవారు. గోవాలో ఉన్న పోర్చుగీసు ప్రభుత్వానికి వాళ్ళమీద అంతగా అదుపు లేదు. ఎవరు జీతమిస్తే ఆ రాజు దగ్గర తుపాకులు పేల్చేవారు, వీలు చిక్కితే ఓడలు దోచేవారు. డి బ్రిటో వీళ్ళందరికన్నా తెలివైనవాడు. సుంకం వసూలు చెయ్యడానికి ఒక కచేరీ కావాలన్నాడు. కచేరీకి గోడ కావాలన్నాడు. గోడ మీద ఫిరంగులు పెట్టాడు. 1602 నాటికి అది కోట అయింది. అరకాన్ రాజు ఉంచిన స్థానిక అధికారిని తరిమేసి, తను గోవా వెళ్ళి, అక్కడి పోర్చుగీసు రాజప్రతినిధి బంధువుల అమ్మాయి లూయిసా డి సల్దాన్యాని పెళ్ళాడాడు. కోటని పోర్చుగల్ రాజు పేరు మీద పెట్టి, ఆ రాజు తరఫున తనే ఏలడానికి అనుమతి తెచ్చుకున్నాడు. అతను లేనప్పుడు శత్రువులు కోటని ముట్టడిస్తే సాల్వడార్ రిబెయిరో అనే అనుచరుడు కాపాడి పెట్టాడు.

ఆ తర్వాత డి బ్రిటో చేసిన పని మన తీరానికి నేరుగా తగిలింది. పెగూ తీరానికి వచ్చే ప్రతి ఓడా సిరియంలో ఆగి సుంకం కట్టి తీరాలన్నాడు. వేరే రేవుకి వెళ్ళే ఓడని పట్టి తెచ్చేవాడు. ఆ తీరానికి వచ్చే ఓడల్లో ముఖ్యమైనవి కోరమండల్ బట్టల ఓడలు. చిరువేరు తవ్విన కూలీ, నూలు వడికిన ఆడమనిషి, మగ్గం మీద కూర్చున్న సాలె, అద్దకం వేసినవాడు, సరుకు ఎక్కించిన బందరు వర్తకుడు, వీళ్ళందరి చెమటలో ఒక వాటా ఆ కోటగోడలోకి వెళ్ళింది. డి బ్రిటో కథని మహాసాహసగాథగా రాసిన పాశ్చాత్య రచయితలు ఈ సంగతి ఒక వాక్యంలో దాటేస్తారు. ఆ రేవుకి వచ్చే బట్టలే లేకపోతే అతనికి సుంకమూ లేదు, సుంకం లేకపోతే కోటా లేదు.

డబ్బు వచ్చాక వంశం మీద దృష్టి పడింది. మర్తబాన్ పాలకుడి కూతురిని తన కొడుక్కి చేసుకున్నాడు. అరకాన్ రాజు పంపిన నౌకాదళాలని ఓడించి, యువరాజునే బందీగా పట్టుకుని, డబ్బు పుచ్చుకుని వదిలాడు. తూర్పు తీరంలో ఒక కొత్త రాజవంశం పుట్టినట్టే కనిపించింది.

నది మింగిన గంట

బర్మావాళ్ళు డి బ్రిటోని ఇప్పటికీ తలుచుకునేది కోట కట్టినందుకు కాదు, గంట ఎత్తుకుపోయినందుకు. పెగూ రాజు ధమ్మజేది 1484లో శ్వేడగోన్ పగోడాకి ఒక మహాఘంట పోత పోయించాడు. సంప్రదాయం చెప్పే లెక్క ప్రకారం దాని బరువు దాదాపు మూడు వందల టన్నులు. 1583లో గాస్పరో బల్బీ అనే వెనిస్ నగల వర్తకుడు దాన్ని చూసి, పైనుంచి కిందిదాకా ఏవో అక్షరాలు చెక్కి ఉన్నాయనీ, చదవగలిగినవాడు తనకి దొరకలేదనీ రాశాడు.

1608లో డి బ్రిటో మనుషులు ఆ గంటని కొండ మీదనుంచి దొర్లించి, తెప్ప మీదకి ఎక్కించి, సిరియం తీసుకుపోవాలని చూశారు. కరిగించి ఫిరంగులు పోయాలని ఆలోచన. పెగూ నది రంగూన్ నదిలో కలిసేచోట తెప్ప విరిగి గంట మునిగిపోయింది. ఇరవయ్యో శతాబ్దం చివరినుంచి గజ ఈతగాళ్ళు చాలామంది బురదలో వెతికారు. ఇంతవరకు దొరకలేదు.

అతను పగోడాల్లోని బంగారాన్ని కూడా కరిగించాడని బర్మా రాజవంశ చరిత్రలు అంటాయి. ప్రజల దేవుడి జోలికి వెళ్ళిన పాలకుడికి ఎన్ని ఫిరంగులున్నా ఆ నేల మీద వేళ్ళు దిగవు. అతనికి రాజులలో మిత్రులు దొరికారు గాని ఊళ్ళలో దొరకలేదు.

కవిరాజు, శూలం

ఆ మిత్రులలో ఒకరి కథ చెప్పకుండా ముందుకి పోలేను. తౌంగూ పాలకుడు నట్ షిన్ నౌంగ్ బర్మా సాహిత్యంలో పెద్ద కవి. వయసులో తనకన్నా పెద్దదైన ఒక విధవరాణిని ప్రేమించి, ఏళ్ళ తరబడి ఆమె కోసం పద్యాలు రాసి, చివరికి పెళ్ళాడితే, పెళ్ళయిన కొద్ది నెలలకే ఆమె చనిపోయింది. బర్మా విద్యార్థులు ఇప్పటికీ ఆయన కవిత్వం చదువుతారు. 1610లో అవా రాజు అనౌక్‌పెట్‌లున్ తౌంగూని గెలుచుకుని ఈయన్ని సామంతుడిగా ఉంచాడు. కవిగారికి ఆ బతుకు రుచించలేదు. 1612లో డి బ్రిటో సైన్యం తౌంగూ మీదికి రావడం, ఊరు తగలబడడం, కవిగారు వాళ్ళతో సిరియం వెళ్ళి క్రైస్తవ మతం పుచ్చుకోవడం జరిగాయి.

అనౌక్‌పెట్‌లున్ కి అంతకన్నా కారణం ఏం కావాలి? 1613 ఆరంభంలో కోటని ముట్టడించాడు. లోపల మందుగుండు అయిపోయింది. గోవానుంచి బయల్దేరిన సహాయం ఆలస్యమైంది. ఫిరంగులు లేని బర్మా సైన్యం గోడల కింద సొరంగాలు తవ్వింది. కోట పడిపోయింది. పగోడాలు దోచినవాడికి వేసే శిక్షే డి బ్రిటోకి వేశారు. శూలం మీద అతను రెండు మూడు రోజులు బతికాడని రాశారు. నట్ షిన్ నౌంగ్ కీ మరణశిక్షే. లూయిసాని బానిసగా ఉత్తరానికి పంపేశారు. వంశం కోసం కట్టిన కోట కథ అక్కడితో ముగిసింది.

కోటకి సరుకులు పంపిన మన రేవు మాత్రం వ్యాపారం మానలేదు. 1617లో బందరులోని ఇంగ్లీషు వర్తకశాల హెన్రీ ఫారెస్ట్, జాన్ స్టేవ్లీ అనే ఇద్దర్ని పెగూ పంపింది. ఆ రాజు చేతిలో చిక్కి అక్కడే చనిపోయిన తమ ఉద్యోగి థామస్ శామ్యూల్ సరుకుల్ని తిరిగి రాబట్టుకోవడం వాళ్ళ పని. ఆ చావు కబురు బందరుకి చేరింది ఆ దారిలో వచ్చిపోయే వర్తకుల నోటిమీదే. 1630ల మధ్యనుంచి 1680 దాకా డచ్చివాళ్ళు సిరియంలో కొట్లు పెట్టి మన తీరపు బట్టలు అమ్మారు. వాటి అజమాయిషీ అంతా మన ప్రళయకావేరి, అంటే పులికాట్ నుంచే జరిగింది. ఇంగ్లీషు కంపెనీ 1647 నుంచి 1657 దాకా పదేళ్ళు ప్రయత్నించి వదులుకుంది.

రెండు కోటలు, మూడేళ్ళు

సిరియం రెండోసారి, ఆఖరిసారి నాశనమయింది 1756లో. అప్పటికి మోన్ ప్రజలు తిరగబడి 1740 నుంచి పెగూ రాజ్యాన్ని మళ్ళీ నిలబెట్టుకున్నారు. పుదుచ్చేరినుంచి డూప్లే పంపిన బ్రూనో అనే దూత వాళ్ళకి ఫ్రెంచివాళ్ళ సహాయం మాట ఇచ్చి సిరియంలో మకాం పెట్టాడు. ఎగువనుంచి అలౌంగ్‌పయా దిగి వచ్చాడు. నెలల తరబడి ముట్టడి సాగాక 1756 జులైలో ఒక రాత్రి తొంభై ముగ్గురు ఎంపిక చేసిన వీరులు గోడ ఎక్కారు. ప్రాణాలతో మిగిలినవాళ్ళు కొద్దిమందే. కోట మాత్రం చేతికొచ్చింది. బ్రూనోని చంపేశారు. ఫ్రెంచివాళ్ళని పిలిపించాడన్న అనుమానం మీద నెరీనీ అనే ఇటలీ మతగురువుని కూడా చంపారు. సహాయానికి వచ్చిన ఫ్రెంచి ఓడ, సంగతి తెలియక నదిలోకి వచ్చి దొరికిపోయింది. అందులోని ఫిరంగులతో, ఫిరంగులు పేల్చే మనుషులతో మరుసటి ఏడు పెగూనే కొట్టారు. సిరియం రేవు పని అయిపోయింది. వ్యాపారమంతా అవతలి ఒడ్డున కొత్తగా పేరు పెట్టిన యాంగోన్ కి మారింది.

అదే సమయంలో ఇటు బందరు కోట కూడా ఫ్రెంచివాళ్ళ చేతిలోనే ఉంది. 1750లో పట్టుకున్నారు. 1759 ఏప్రిల్ లో కర్నల్ ఫోర్డ్ ఇంగ్లీషు సైన్యంతో రాత్రివేళ గోడలెక్కి దాన్ని గెలిచాడు. ఎదురెదురు తీరాల్లో, ఒకే వ్యాపారం మీద బతికిన రెండు కోటలు మూడేళ్ళ తేడాలో, దాదాపు ఒకే తీరుగా చేతులు మారాయి. సిరియం పతనం తర్వాత బర్మాలో ఫ్రెంచివాళ్ళకి చోటు లేదు. బందరు పతనం తర్వాత ఉత్తర సర్కారుల్లో వాళ్ళకి చోటు లేదు. బందరుని యుద్ధం చంపలేకపోయింది. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన ముప్పై వేల ప్రాణాలు తీసింది. రేవుగా దాని పాత వైభవం మళ్ళీ రాలేదు.

ఇప్పుడక్కడ ఏముంది?

తన్‌లిన్ కి నేను రెండుసార్లు వెళ్ళాను. యాంగోన్ నుంచి 1993లో తెరిచిన పొడుగాటి వంతెన మీద బగో నది దాటితే చాలు. గోల్కొండనో కొండపల్లినో ఊహించుకుని వెళ్ళేవాళ్ళకి నిరాశే. చెట్ల మధ్య కప్పు లేని ఇటుకగోడలు కొన్ని కనిపిస్తాయి. స్థానికులు వాటిని పోర్చుగీసు చర్చి అంటారు. నిజానికి డి బ్రిటో చనిపోయిన నూట ముప్పై ఏళ్ళు దాటాక, పద్దెనిమిదో శతాబ్దం మధ్యలో, ఇటలీనుంచి వచ్చిన బార్నబైట్ గురువులు కట్టించిన చర్చి అది. డి బ్రిటో కోటకి దానితో సంబంధం లేదు. కాని ఊరివాళ్ళ నోట శిథిలాలన్నీ అతనివే అయిపోయాయి.

ఊరి దగ్గర గుట్ట మీద చైక్‌ఖౌక్ పగోడా ఉంది. ఆ ఆవరణలో ఇద్దరు కవుల సమాధులు చూపిస్తారు. ఒకటి నట్ షిన్ నౌంగ్ ది. రాజద్రోహి అన్నారు, మతం మార్చుకున్నాడన్నారు, చంపేశారు. అయినా పద్యాల కోసం పగోడా పక్కనే చోటిచ్చారు. కోట కట్టినవాడికి మాత్రం ఆ ఊళ్ళో చెప్పుకోదగ్గ గుర్తేమీ లేదు.

ఆ చుట్టుపక్కలే పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బర్మా ఆయిల్ కంపెనీ చమురు శుద్ధి కర్మాగారం కట్టింది. అక్కడ పనిచేసిన భారతీయ కూలీల్లో తెలుగువాళ్ళూ ఉన్నారు. 1942లో జపానువాళ్ళు వస్తున్నారని ఇంగ్లీషువాళ్ళే దాన్ని తగలబెట్టి వెళ్ళిపోయారు. సిరియంలో ఎవరు ఏది కట్టినా ఇంతేనేమో అనిపిస్తుంది.

బయింజీలు

ఇక అసలు విషయానికి వస్తాను. 1613లో కోటలో పట్టుబడిన పోర్చుగీసు సిపాయిలు, వాళ్ళతో ఉన్న మిశ్రసంతతి కుటుంబాలు ఏమయ్యారు? అనౌక్‌పెట్‌లున్ వాళ్ళని చంపలేదు. ఉత్తరాన మూ, చింద్విన్ నదుల మధ్య మెట్టభూముల్లో గ్రామాలిచ్చి కాపురం పెట్టించాడు. బర్మా రాజుల ఫిరంగి దళంలో తరతరాలుగా వాళ్ళు కొలువు చేశారు. 1756లో పట్టుబడిన ఫ్రెంచివాళ్ళు కూడా వాళ్ళలోనే కలిశారు. బర్మావాళ్ళు వీళ్ళని "బయింజీ" అంటారు. మనం తెలుగులో "పరంగి" అన్నదీ, వాళ్ళు "బయింజీ" అన్నదీ ఒకటే మాట. రెండూ "ఫరంగీ" నుంచి పుట్టినవే.

నాలుగు వందల ఏళ్ళలో వాళ్ళు ఏం పోగొట్టుకున్నారో, ఏం నిలుపుకున్నారో చూడండి. పోర్చుగీసు భాష పోయింది. వేషం పోయింది. బర్మావాళ్ళకి ఇంటిపేర్లు ఉండవు కనుక ఇంటిపేర్లూ పోయాయి. ఎవరు ఏ పోర్చుగీసు సిపాయి వంశమో చెప్పే గుర్తే మిగలలేదు. లుంగీ కట్టుకుని, తనఖా రాసుకుని, అందరిలాగే వ్యవసాయం చేసుకుంటారు. మిగిలిందల్లా మతం. గురువులు లేని కాలాలు చాలానే గడిచినా ఆ పల్లెలు చర్చిని వదల్లేదు. మోన్‌హ్లా అనే అటువంటి ఊళ్ళోనే చార్లెస్ బో పుట్టారు. ఆయన 2003లో యాంగోన్ ఆర్చిబిషప్ అయ్యారు, 2015లో మయన్మార్ దేశపు తొలి కార్డినల్ అయ్యారు. కోట పోయిన నాలుగు వందల ఏళ్ళకి ఒక బయింజీ పల్లె బిడ్డ సిరియం ఎదుటి ఒడ్డున ఉన్న నగరంలో పీఠాధిపతి అయ్యాడన్నమాట.

ఈ కథ ఇక్కడ సుఖాంతం అయితే బాగుండేది. 2021 ఫిబ్రవరిలో సైనికాధికారులు ప్రభుత్వాన్ని కూలదోశాక ఆ ప్రాంతమంతా యుద్ధభూమి అయింది. చాన్‌థా అనే బయింజీ గ్రామాన్ని సైన్యం ఒకసారి కాదు, పలుమార్లు తగలబెట్టింది. 2023 జనవరిలో అక్కడి శతాబ్దం దాటిన చర్చిని కూడా కాల్చేసింది. ఒకనాడు రాజుల ఫిరంగులు పేల్చినవాళ్ళ మునిమనవలు ఇవాళ కాందిశీకులు.

కొరంగీలు

మన సంగతి? గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవునుంచి వెళ్ళిన ఓడల వల్ల బర్మాలో తెలుగువాళ్ళందరికీ "కొరంగీలు" అన్న పేరు వచ్చింది. విశాఖవాడైనా శ్రీకాకుళంవాడైనా అక్కడ కొరంగీయే. మేస్త్రీలు బయానా ఇచ్చి ఓడెక్కించారు. రంగూన్ రేవులో బస్తాలు మోసింది చాలావరకు మనవాళ్ళే. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులు. 1930 మే నెలలో రేవులో తెలుగు కూలీలు ఎక్కువ కూలికోసం సమ్మె చేస్తే వాళ్ళ స్థానంలో బర్మా కూలీలని పెట్టారు. సమ్మె తీరి మనవాళ్ళు పనిలోకి రాగానే వాళ్ళని పంపేశారు. దాంతో పేదలకీ పేదలకీ మధ్య నెత్తురు పారింది. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక లక్షల మంది భారతీయులు అడవులగుండా కాలినడకన బయల్దేరారు. దారిలో వేలకొద్దీ చనిపోయారు. 1962లో నే విన్ వచ్చాక, 1964లో దుకాణాలు జాతీయం చేశాక మరో విడత తిరిగొచ్చింది. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు అక్కడికి చేరినవాళ్ళదే.

అందరూ రాలేదు. ఉండిపోయినవాళ్ళ మనవలు యాంగోన్ లో, బగోలో, మోన్ రాష్ట్రంలో ఇంకా ఉన్నారు. యాంగోన్ లో ఒక పెద్దాయనతో మాట్లాడాను. నా తెలుగు విని "ఏ ఊరు బాబూ మీది?" అన్నారు. ఆయన తెలుగులో ఇప్పుడు శ్రీకాకుళంలో కూడా వినపడని మాటలు ఉన్నాయి. ఆయన ఎన్నడూ ఆంధ్ర చూడలేదు. ఆయనకి రెండు పేర్లు, ఒకటి బర్మా పేరు బడికీ కచేరీకీ, ఒకటి తెలుగు పేరు ఇంట్లోకీ గుడికీ. ఇంటిపేరు మాత్రం అడగ్గానే చెప్పారు. ఏ కాగితం మీదా లేదట, వాళ్ళ నాన్న చెప్తే గుర్తుపెట్టుకున్నారట. మనవలకి తెలుగు అర్థమవుతుంది, సమాధానం బర్మాలో చెప్తారు. "ఇంటిపేరు వాళ్ళకీ చెప్పాను, రాసుకోమన్నాను" అన్నారు.

డి బ్రిటో తన వంశం నిలవాలని కోట కట్టాడు, ఫిరంగులు పెట్టాడు, రాజులతో వియ్యమందాడు. అతని సిపాయిలు ఏమీ కట్టలేదు. ఊరి మధ్య ఒక చిన్న చర్చి కట్టుకుని, ఆదివారం ఆదివారం అందులో కలుసుకున్నారు. నాలుగు వందల ఏళ్ళు నిలిచింది ఆ కలుసుకోవడమే. అయితే ఒక విషయం మనం సూటిగా ఒప్పుకోవాలి. వాళ్ళు వారం వారం కలుసుకున్నది దేవుడి కోసం. అందుకని దేవుడు మిగిలాడు. భాష కోసం ఎవరూ కలుసుకోలేదు, అది పోయింది. వలస వెళ్ళినవాళ్ళు దేనికోసం మళ్ళీమళ్ళీ ఒకచోట చేరతారో అదే వాళ్ళ మనవలకి చేరుతుంది. మిగతాదంతా, ఎంత ప్రేమగా దాచుకున్నా, రెండు మూడు తరాల్లో కరిగిపోతుంది.

మన ఊళ్ళలోనూ గుళ్ళు లేచాయి, సంఘాలు లేచాయి. రెండేళ్ళకోసారి పెద్ద సభలు చేసుకుంటాం. గుళ్ళో ప్రసాదాలయ్యాక పిల్లలు ఒకరితో ఒకరు ఏ భాషలో మాట్లాడుకుంటున్నారో ఒకసారి చెవి పెట్టి వినండి. యాంగోన్ పెద్దాయన మనవలు బర్మాలో చెప్పిన సమాధానమే మనవాళ్ళు ఇంగ్లీషులో చెప్తున్నారు. ఆయన కనీసం ఇంటిపేరు రాసుకోమని చెప్పారు. మనం ఈ వారం పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఏం రాసుకోమని చెప్తాం?